తెర మీద మీ మాట... నలుగురికీ అందాలంటే!

మా వదిన చేతి గోంగూర పచ్చడి ఒకసారి తిన్నవాళ్లు రెండోసారి అడక్కుండా ఉండరు. వదినా, మరో తొమ్మిదిమంది ఆడవాళ్లూ కలిసి సంఘంగా ఏర్పడి నాలుగేళ్లుగా పచ్చళ్లూ పొడులూ చేసి అమ్ముతున్నారు. కిందటేడు పెద్ద గ్రైండరూ, ప్యాకెట్లకి సీలు వేసే మెషీనూ కొందామని అప్పు కోసం బ్యాంకుకి వెళ్లారు. "మీ పని గురించి మా వాళ్లందరి ముందూ ఓ పదిహేను నిమిషాలు చెప్పండమ్మా. స్లయిడ్లు చేసుకుని రండి" అన్నారట అక్కడివాళ్లు.

ఇంటర్ చదివే మేనల్లుడు రాత్రంతా మేలుకుని స్లయిడ్లు చేసిపెట్టాడు. మొత్తం ఇరవై నాలుగు! వెనకాల గులాబీ పూలు, ముందు పసుపుపచ్చ అక్షరాలు. ఒక్కో అక్షరం గిరగిరా తిరుగుతూ వచ్చి కూర్చుంటుంది. వదిన తెర వైపు తిరిగి ప్రతి లైనూ చదవడం మొదలెట్టింది. పదకొండో స్లయిడ్ దగ్గరికి వచ్చేసరికి టైము అయిపోయింది. అప్పుడు పెద్దాఫీసరు నెమ్మదిగా అడిగాడట: "అంతా బాగానే ఉందమ్మా... ఇంతకీ మీకు ఎంత అప్పు కావాలి?"

ఆ ముక్క పంతొమ్మిదో స్లయిడ్‌లో, అట్టడుగు లైన్లో ఉంది!

"నా పచ్చడికి ఎవరూ వంక పెట్టలేదమ్మా. నా మాటే ఎవరికీ ఎక్కలేదు" అని ఇంటికొచ్చి వదిన కళ్లనీళ్లు పెట్టుకుంది.

స్లయిడ్లంటే టై కట్టుకున్నవాళ్ల వ్యవహారం అనుకునే రోజులు పోయాయి. బడిలో పాఠం చెప్పే టీచరమ్మ, కాలేజీ సెమినార్లో మాట్లాడే అమ్మాయి, ఆఫీసులో ఉద్యోగిని, సంఘం తరఫున లెక్క చెప్పే అధ్యక్షురాలు... ఎప్పుడో ఒకప్పుడు అందరికీ ఆ తెర ముందు నిలబడే అవసరం వస్తోంది. ఆ పదిహేను నిమిషాల మీద ఒక్కోసారి మన ఏడాది కష్టం ఆధారపడి ఉంటుంది. కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి మరి!

విస్తరి నిండా ఒకేసారి వద్దు

భోజనానికి కూర్చున్న చుట్టానికి పప్పూ, పులుసూ, పెరుగూ, పాయసం అన్నీ ఒకేసారి కుమ్మరించం కదా! ఒకటయ్యాక ఒకటి వడ్డిస్తాం. స్లయిడ్లూ అంతే. ఒక స్లయిడ్‌కి ఒకే సంగతి.

ఎందుకంటారా? టీవీలో వార్తలు వింటూ కింద పరుగెత్తే అక్షరాలు చదవడానికి ప్రయత్నించండి. చదివితే వినలేరు, వింటే చదవలేరు. తెర నిండా రాసిపెట్టి మనం పక్కన మాట్లాడుతుంటే ఎదుటివాళ్ల అవస్థ కూడా అదే. పైగా మనం చదివి వినిపించేలోపే వాళ్లు చదివేసి కిటికీలోంచి బయటికి చూస్తుంటారు. తెర మీద ఉండాల్సింది చూసేవాళ్లకి గుర్తుండాల్సిన మాట. మనకి గుర్తుండాల్సిన మాటలు చిన్న కాగితం మీద రాసుకుని చేతిలో పెట్టుకుంటే సరి.

మొదట్లో ఈ బాధ ఇంతగా లేదు. పలచని ప్లాస్టిక్ షీట్ల మీద పెన్నుతో రాసి ప్రొజెక్టరు మీద పెట్టేవాళ్లు. ఒక్కో షీటూ చేత్తో రాసుకోవాలి కాబట్టి అవసరమైనవే రాసేవారు. 1987లో మెకింతోష్ కంప్యూటర్ల కోసం పవర్‌పాయింట్ వచ్చింది. ఆ ఏడాదే దాన్ని మైక్రోసాఫ్ట్ కొనేసింది. 1990లో విండోస్‌కీ వచ్చింది. అప్పట్నుంచీ స్లయిడ్ చేయడానికి ఖర్చూ లేదు, శ్రమా లేదు. ఇప్పుడైతే కృత్రిమ మేధకి ఒక్క మాట చెబితే నిమిషంలో ఇరవై స్లయిడ్లు చేసి చేతిలో పెడుతోంది. చేసేవాళ్లకి సుఖమే. కూర్చుని చూసేవాళ్లకే కష్టం!

ముఖ్యమైన మాట అడుగున పడితే?

వదిన కథ విని నవ్వుకున్నారేమో. కానీ ఈ పొరపాటు మహామహులు కూడా చేశారు.

2003 జనవరి 16న కల్పనా చావ్లాతో సహా ఏడుగురిని ఎక్కించుకుని కొలంబియా వ్యోమనౌక అంతరిక్షానికి బయల్దేరింది. ఎగిరిన 82 సెకన్లకి ఇంధన ట్యాంకు మీది నురగ ముక్క ఒకటి ఊడి, ఎడమ రెక్కని కొట్టింది. నౌక ఇంకా పైన తిరుగుతుండగానే దెబ్బ ఎంతటిదో కింద ఇంజనీర్లు లెక్కలు వేశారు. తేలిన సంగతులు స్లయిడ్లలో పెట్టి పై అధికారులకి చూపించారు.

వాటిలో ఒక స్లయిడ్ తర్వాత లోకమంతా చర్చకు వచ్చింది. దాని శీర్షిక చదివితే 'పరవాలేదు' అన్న భావమే కలుగుతుంది. కింద పాయింటు, దాని కింద మరో చిన్న పాయింటు... ఇలా తెరంతా అక్షరాలే. 'చెప్పుకోదగ్గ' అనే అర్థం వచ్చే మాట అందులో అయిదుసార్లు వచ్చింది గానీ, ఎంత చెప్పుకోదగ్గదో స్పష్టంగా లేదు. అసలు సంగతి చిట్టచివర ఉంది. అంతకుముందు పరీక్షల్లో వాడిన నురగ ముక్క సైజు 3 ఘనపు అంగుళాలు. రెక్కని కొట్టిన ముక్క అంచనా 1920 ఘనపు అంగుళాలు. అంటే 640 రెట్లు పెద్దది! ఆ పాత పరీక్షల్ని చూసి ధైర్యంగా ఉండటానికి వీల్లేదన్నమాట. శీర్షికలో ఉండాల్సిన ఆ మాట అట్టడుగున పడి ఉంది.

ఫిబ్రవరి 1న నౌక తిరిగి వస్తూ ఆకాశంలోనే ముక్కలైపోయింది. ఏడుగురిలో ఒక్కరూ మిగల్లేదు. ప్రమాదానికి కారణం నురగ దెబ్బకి రెక్కకి పడిన కన్నమే. స్లయిడ్ బాగుంటే వాళ్లు బతికేవాళ్లని ఎవరూ అనలేరు. కానీ యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎడ్వర్డ్ టఫ్టీ ఆ స్లయిడ్‌ని విడమరిచి, తప్పు ఎక్కడుందో చూపించారు. ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన విచారణ సంఘం నివేదిక కూడా ఆ విశ్లేషణని ప్రస్తావించింది. ఆ స్లయిడ్ చదివిన పై అధికారికి, ఇది ప్రాణాల మీదికి వచ్చిన విషయమని తట్టకపోవడంలో ఆశ్చర్యం లేదన్నది దాని సారాంశం.

మన స్లయిడ్ల మీద ప్రాణాలు ఆధారపడకపోవచ్చు. అయినా పాఠం ఒకటే. ముఖ్యమైన మాట పైన ఉండాలి, పెద్దగా ఉండాలి, పూర్తి వాక్యంగా ఉండాలి. 'అమ్మకాలు' అని శీర్షిక పెడితే ఏం తెలుస్తుంది? 'రెండేళ్లలో మా అమ్మకాలు రెట్టింపయ్యాయి' అని పెట్టండి. కింద ఏం రాశారో చదవకపోయినా సంగతి అందుతుంది. మీ స్లయిడ్ల శీర్షికలు మాత్రమే వరసగా చదివి చూడండి. కథంతా అర్థమైతే మీరు గెలిచినట్టే!

ముగ్గు నేర్పే పాఠం

కల్లాపి చల్లిన నల్లటి నేల మీద తెల్లటి ముగ్గు వేస్తే వీధి చివరికి కనిపిస్తుంది. అదే ముగ్గు తెల్లటి గచ్చు మీద వేస్తే గుమ్మంలో నిలబడ్డవాళ్లకే కనిపించదు. రంగుల రహస్యం ఇంతే. ముదురు నేల మీద లేత అక్షరాలు, లేత నేల మీద ముదురు అక్షరాలు. గదిలో వెలుతురు ఎక్కువైతే తెల్లటి నేల, నల్లటి అక్షరాలే మేలు. పూలూ, మబ్బులూ, ఫొటోలూ వెనకాల పెట్టి వాటి మీద రాయకండి.

రంగులు రెండు, మహా అయితే మూడు చాలు. ఎరుపు నష్టమనీ, ఆకుపచ్చ లాభమనీ రంగుతోనే చెప్పి ఊరుకోకండి. ఆ రెండు రంగుల తేడా తెలియనివాళ్లు కొందరుంటారు, మగవాళ్లలో మరీను. పక్కన మాట కూడా రాయండి.

ఇంకో సంగతి. ముగ్గుకి అందం గీతల వల్ల ఎంతో, మధ్యన వదిలిన చోటు వల్ల కూడా అంతే. స్లయిడ్ మీద ఖాళీ కనిపించగానే ఏదో ఒక బొమ్మ అతికించాలని చెయ్యి దురద పెడుతుంది. పెట్టకండి! ఆ ఖాళీయే చూపుని అసలు మాట దగ్గరికి తీసుకెళ్తుంది.

మన అక్షరాలకి చోటు ఎక్కువ కావాలి

గై కవాసాకి అనే అమెరికన్ వ్యాపారవేత్త 2005లో చెప్పిన సూత్రం ఒకటి బాగా పేరుపడింది. పది స్లయిడ్లు, ఇరవై నిమిషాలు, అక్షరం సైజు 30 పాయింట్లకి తగ్గకూడదు. స్లయిడ్ల లెక్క అటూ ఇటూ అయినా అక్షరాల సైజు విషయంలో మాత్రం రాజీ పడకండి. అన్నీ పట్టట్లేదని అక్షరాలు చిన్నవి చేయకండి. మాటలు తగ్గించండి.

తెలుగులో రాసేటప్పుడు మరికొంత జాగ్రత్త కావాలి. మన అక్షరాలకి పైన గుడులు, కింద వత్తులు. లైన్లు దగ్గరగా ఉంటే పై లైను వత్తు కింది లైను గుడిని గుద్దుకుంటుంది. అందుకని లైన్ల మధ్య ఎడం 1.2 లేదా 1.3 పెట్టుకోండి. సన్నగా, వంకర్లు తిరిగిన అక్షరాలు పెళ్లి శుభలేఖకి బాగుంటాయి గానీ తెరకి నప్పవు. శీర్షికకి 'రామభద్ర' లాంటి లావుపాటి ఫాంటు, కింద రాతకి 'మండలి' లాంటి తేటైన ఫాంటు వాడొచ్చు. రెండూ ఉచితంగా దొరుకుతాయి.

డీటీపీ షాపులో పాత అను ఫాంట్లతో చేయిస్తే, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో తెరవగానే తెలుగంతా పిచ్చిగీతలైపోతుంది. యూనికోడ్‌లోనే చేయమనండి. ఎందుకైనా మంచిది, పీడీఎఫ్ కాపీ ఒకటి వెంట ఉంచుకోండి.

అంకెలు చూపించేటప్పుడు

లెక్కల పుస్తకంలోని పట్టీని యథాతథంగా తెర మీద పెడితే ఒక్కరూ చదవరు. అందులోంచి మీరు చెప్పదల్చుకున్న రెండు మూడు అంకెలే తీసి పెద్దగా చూపించండి. నెలనెలా పెరుగుదల చూపాలంటే గీత, ఒకదాన్నొకటి పోల్చాలంటే నిలువు పట్టీలు. గుండ్రటి ముక్కల బొమ్మ నాలుగు ముక్కలు దాటితే ఏది పెద్దదో తెలీదు. పక్కకి వంచి, మందంగా కనిపించేలా చేసిన బొమ్మలైతే అసలే వద్దు. ముందున్న ముక్క ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. పూర్తి లెక్కలు కాగితం మీద అచ్చు వేయించి, చివర్లో అందరికీ పంచండి.

ముందురోజు చేయాల్సినవి

ల్యాప్‌టాప్‌ని వంటింటి గట్టు మీద పెట్టి, పది అడుగుల దూరంలో నిలబడి చూడండి. చదవలేకపోతే ఆఖరి వరసవాళ్లూ చదవలేరని అర్థం. గడియారం ముందు పెట్టుకుని రెండుసార్లు పైకి చెప్పుకోండి. వినడానికి ఇంట్లో ఎవరూ దొరక్కపోతే అద్దం ఉండనే ఉంది!

చిన్న చిట్కా ఒకటి. పవర్‌పాయింట్‌లో స్లయిడ్లు నడుస్తుండగా కీబోర్డు మీద 'బి' నొక్కితే తెర నల్లగా అయిపోతుంది. అందరూ మీ మొహం వంక చూస్తారు. మళ్లీ నొక్కితే స్లయిడ్ వచ్చేస్తుంది. ఏదైనా స్లయిడ్ నెంబరు కొట్టి ఎంటర్ నొక్కితే సరాసరి అక్కడికే వెళ్తుంది. ఎవరైనా ప్రశ్న అడిగినప్పుడు వెనక్కీ ముందుకీ తడుముకోనక్కర్లేదు.

కరెంటు పోతే? ప్రొజెక్టరు మొరాయిస్తే? స్లయిడ్లు లేకుండా కూడా చెప్పగలిగేలా వెళ్లండి. తెర మీకు తోడు మాత్రమే. చెప్పేది మీరు!

రెండోసారి...

మూడు నెలల తర్వాత వదిన మళ్లీ బ్యాంకుకి వెళ్లింది. ఈసారి ఆరే స్లయిడ్లు. మొదటి దాని మీద ఒకే వాక్యం: 'మాకు 4 లక్షలు కావాలి. మూడేళ్లలో తీర్చేస్తాం.' రెండోది: 'నెలకి 300 కిలోలకి ఆర్డర్లున్నాయి. 120 కిలోలే పట్టగలుగుతున్నాం.' మూడోదానిలో మాటలే లేవు. పదిమంది ఆడవాళ్లూ రోళ్ల ముందు కూర్చున్న ఫొటో. అది తెర మీద ఉండగా వదిన తెర వైపు చూడలేదట. ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తూ, ఆ పదిమంది గురించీ చెప్పిందట.

ఈసారి "ఎంత కావాలి?" అని ఎవరూ అడగలేదు. "మెషీను వస్తే 300 కిలోలూ ఎన్నాళ్లలో అందుకుంటారు?" అని అడిగారు. చివరికి మంజూరైంది మూడు లక్షలే. "మిగతా లక్షకి వచ్చే ఏడు మళ్లీ వెళ్తాను. స్లయిడ్లు నేనే చేసుకుంటాను" అంటోంది వదిన.

గుర్తుంచుకోండి!

* ఒక స్లయిడ్‌కి ఒకే సంగతి. శీర్షిక పూర్తి వాక్యంగా.
* అడగాల్సింది మొదటే అడగండి, అడుగున దాచకండి.
* అక్షరం 30 పాయింట్లకి తగ్గకూడదు. తెలుగైతే లైన్ల మధ్య ఎడం ఎక్కువ.
* ముదురు మీద లేత, లేత మీద ముదురు.
* గిరగిరా తిరిగే అక్షరాలు, చప్పుళ్లు వద్దే వద్దు.
* పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, ఫోన్లో ఒక కాపీ, చేతిలో ఒక కాగితం.
* తెరని కాదు, మనుషుల్ని చూసి మాట్లాడండి.