స్థానము మారినను అర్థము మారరాదు

సికింద్రాబాదులో 1886లో లాలా దీనదయాళుగారు ఛాయాచిత్రశాలను నెలకొల్పినారు. మీరట్ సమీపమున సర్ధనాలో 1844లో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివిన ఆయన ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థానమున ఛాయాచిత్రకారులై ‘రాజా’ బిరుదము నందినారు. ఆయన అద్దపు పలకలు 2,857 నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి.

ఆ కాలపు పెద్ద కెమెరాలలో దృశ్యము గరుకుటద్దముపై తలక్రిందులుగా కనిపించెడిది. నల్లగుడ్డ కప్పుకొని దానిని చూచుచు, ఎవరు కూర్చుండవలెనో, ఎవరు ప్రక్కకు జరుగవలెనో చిత్రకారుడు ముందే నిర్ణయించెడివాడు. పలకపై వెలుగు పడిన పిమ్మట మనిషిని జరుపుట దుస్సాధ్యము కాకున్నను మహాప్రయాస. ఇంగ్లండులో రెయిలాండర్ 1857లో ముప్పదికి పైగా నెగటివులను కూర్చి ఒకే చిత్రము నిర్మించినాడు.

ఇప్పుడా పని బాలురకును సాధ్యము. నోల్ సోదరులు రూపొందించిన ఫోటోషాప్ 1990లో వెలువడినది. 1994లో దానికి ‘లేయర్లు’ వచ్చినవి. పారదర్శకమైన కాగితములను ఒకదానిపై నొకటి పేర్చినట్లు చిత్రభాగములు వేర్వేరు పొరలపై నుండును. ఒక పొరను కదపినచో తక్కినవి కదలవు. బాణపు మీటను ఒకసారి నొక్కిన ఒక పిక్సెలు, షిఫ్టుతో కలిపి నొక్కిన పది పిక్సెళ్లు జరుగును. ఉచితముగా లభించు గింప్‌లోను ఈ పొరల పద్ధతి కలదు.

అయితే జరుపుట తేలిక. జరిపిన తరువాత ఇముడ్చుట కష్టము. పెండ్లి ఫోటోలో అంచున నిలిచిన మేనమామను పెండ్లికూతురి ప్రక్కకు తేవలె ననుకొందము. ఆయన విడిచిన చోట ఖాళీ ఏర్పడును. దానిని పరిసరముల రంగులతో పూరింపవలెను. అందరి నీడలు ఎడమకు పడుచుండగా ఆయన నీడ కుడికి పడరాదు. వెనుకవరుసవాడు ముందుకు వచ్చినచో పరిమాణము పెరుగవలెను. మన ప్రాచీనులు చిత్రకళకు చెప్పిన షడంగములలో ‘ప్రమాణము’ను, ‘సాదృశ్యము’ను చేర్చుటకు కారణము ఇచ్చట తేటపడును.

నేర్పు కుదిరినను మరొక ప్రశ్న మిగులును. నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక 1982 ఫిబ్రవరి ముఖపత్రముపై గీజా పిరమిడ్లను ముద్రించినది. అడ్డముగా తీసిన చిత్రము నిలువు పుటలో ఇముడవలెనని కంప్యూటరుతో పిరమిడ్లను దగ్గరకు జరిపిరి. వేల యేండ్లుగా కదలని కట్టడములు అట్లు కదలినవి! చిత్రము అందముగనే యున్నది. కాని పాఠకుల నమ్మకము చెదరినది. విమర్శ చెలరేగినది.

తెలుగు ఉపాధ్యాయునకు ఈ విచక్షణ క్రొత్తది కాదు. పద్యమునకు అన్వయము చెప్పునపుడు చివరి పదమును మొదటికి, మొదటి పదమును నడిమికి తెచ్చుచునే యున్నాడు. పదముల స్థానము మారును. కవి చెప్పిన అర్థము మారదు. మారినచో అది అన్వయము కాదు, అపార్థము. చిత్రమునకును ఇదే కొలత. ప్రకటన చిత్రములో పూలకుండీని జరుపుట అలంకారము. వార్తాచిత్రములో మనిషిని జరుపుట అసత్యము. అది న్యాయస్థానమున సాక్ష్యమైనచో ఒకని జీవితమే తారుమారు కావచ్చును.

కనుక విద్యార్థికి మీటల వాడుకతోపాటు రెండు అలవాట్లు నేర్పవలెను: మూలచిత్రమును చెరుపక దాచుట, మార్చిన చిత్రము క్రింద ‘సవరించినది’ అని వ్రాయుట. ఈ రెండును అలవడినవాని చేతిలో ఎంతటి సాధనమైనను నిరపాయము.