ఇంటి చదువు – అపోహలు, వాస్తవాలు

పిల్లవానిని బడికి పంపక ఇంటివద్దనే చదివించుచున్నామని ఏ దంపతులైనను చెప్పినచో, వినువారి ముఖములలో ముందుగా కానవచ్చునది విస్మయము; ఆ పిమ్మట, బిడ్డకేమైన అనారోగ్యమా, ఫీజు కట్టలేకపోయిరా, లేక తలిదండ్రులకే ఏదో వెఱ్ఱి పట్టినదా యను సంశయము. హైదరాబాదు, బెంగుళూరువంటి నగరములలో ఇట్టి కుటుంబములు నేడు అరుదుగానైనను కలవు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారిలోను కలవు. వారిని గూర్చి ప్రచారములోనున్న అపోహలు రెండు తెఱగులవి. బయటివారు కల్పించుకొన్నవి కొన్ని. ఆ మార్గమునందలి అభిమానాతిశయముచే లోపలివారే పెంచి పోషించునవి కొన్ని. మొదటివానిని ఖండించుట సులభము. రెండవవాని జోలికి పోవుటకే కొంత సాహసము కావలెను; పిల్లలకు ఎక్కువ నష్టము కలిగించునవి అవియే.

తఱచుగా వినవచ్చు మాట, ఇంటి చదువు చట్టవిరుద్ధమనునది. 2002నాటి 86వ రాజ్యాంగసవరణ 21-ఎ అధికరణమును చేర్చి, 6 మొదలు 14 ఏండ్ల వయసుగల బిడ్డలకు ఉచిత నిర్బంధ విద్యను ప్రాథమికహక్కు గావించినది. దానిని ఆచరణకు తెచ్చు విద్యాహక్కు చట్టము 2009లో పుట్టి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. బిడ్డను సమీపపాఠశాలలో చేర్చుట తలిదండ్రుల విధియని ఆ చట్టము 10వ సెక్షను చెప్పుచున్న మాట నిజమే. అయితే ఆ విధిని నెరవేర్పని తలిదండ్రులకు జరిమానాగాని కారాగారముగాని ఆ చట్టమున ఎచ్చటను లేదు. అందలి జరిమానాలు నియమములను మీఱి పాఠశాలలను నడుపువారికి. పిల్లల చేరికను, హాజరును, చదువు పూర్తియగుటను చూచుకొను బాధ్యతను 8వ సెక్షను ప్రభుత్వముపైననే మోపినది. కావున మన దేశమున ఇంటి చదువునకు స్పష్టమైన అనుమతియు లేదు, శిక్షయు లేదు. జర్మనీవారు దీనిని అనుమతింపరు. 2006లో యూరోపియను మానవహక్కుల న్యాయస్థానము సైతము వారి నిషేధమును తప్పుపట్టలేదు. ఇంగ్లండువారు 1944 నాటి విద్యాచట్టమునందే, బిడ్డ బడిలోనైనను మఱియొక విధముగానైనను చదువుకొనవచ్చునని వెసులుబాటు కల్పించిరి. మనము ఈ రెండింటి నడుమ, ఎటును తేల్చి చెప్పని స్థితిలో ఉన్నాము.

ఇది పాశ్చాత్యుల వేలంవెఱ్ఱియనియు, మన దేశమునకు దిగుమతియైన ఆడంబరమనియు పెదవి విఱుచువారు చరిత్రను కొంచెము తిరుగవేయవలెను. జాన్ హోల్ట్ అను అమెరికను అధ్యాపకుడు 1977లో పత్రిక పెట్టి ఈ ఉద్యమమునకు ఊపునిచ్చిన మాట వాస్తవమే. అంతకు నూటయేబది యేండ్లకు పూర్వమే, 1822లో, మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన యేలుబడిలోని జిల్లాలనుండి దేశీయవిద్య లెక్కలు తెప్పించెను. వీథిబడి పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దు పద్ధతిని బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ వర్ణించినది ఆ సందర్భముననే. మద్రాసు పట్టణమున బడులలో చదువు పిల్లలకంటె ఇండ్లలో చదువువారు నాలుగైదు రెట్లు ఎక్కువయని, 26 వేలకు పైబడినారని ఆ లెక్కలలో వచ్చినది. ఆ అంకెలో పొరపాటుండవచ్చునని 1826లో మన్రోయే సందేహించినాడు గనుక మనము దానిని తలకెత్తుకొననక్కరలేదు. అయినను ఇంట తండ్రియో, మేనమామయో, చేరదీసిన పంతులో చదువు చెప్పుట అప్పటికి వింత గాదనుటకు ఆ సాక్ష్యము చాలును. అట్లని ఆ కాలమును స్వర్ణయుగమని పొగడుటయు తగదు. ఆ ఇంటి చదువు ఏ కులములవారికి అందినదో, ఆడుపిల్లలలో ఎందఱికి అందకపోయినదో అందఱెఱిగినదే. అందనివారి వాకిటికి అక్షరమును మోసికొనివచ్చినది ప్రభుత్వపు బడి. బడిని తూలనాడినగాని ఇంటి చదువు గొప్పతనము తేలదని తలచువారు ఈ సంగతిని మఱవరాదు.

ఇక లోపలివారి అపోహలలో పెద్దదానికి వత్తును. జీవితమే గురువు, వంటయిల్లే ప్రయోగశాల, బజారే గణితపాఠము, బిడ్డను స్వేచ్ఛగా వదలినచో సర్వమును తానే నేర్చుకొనునని వీరి సిద్ధాంతము. వినుటకు ఎంత యింపుగానున్నదో అంత అర్ధసత్యమిది.

రాజమహేంద్రవరమున నా యెఱుకలోని ఒక కుటుంబమున పదేండ్ల బాలిక ఇంటివద్దనే చదువుకొనుచున్నది. పుష్యమాసపు ఒకనాటి ఉదయమున, రాత్రి రుబ్బిన ఇడ్లీపిండి పొంగలేదు. "అమ్మా, మొన్న వేసవిలో గిన్నె దాటి పొర్లిందిగా, ఇప్పుడేమయిందే దీనికి?" అని ఆ పిల్ల అడిగినది. తల్లి జవాబు చెప్పలేదు. ఆ రాత్రి ఒక పాలు మినపపప్పునకు రెండు పాళ్ళు రవ్వ చొప్పున పిల్లచేతనే కొలిపించి, రుబ్బిన పిండిని రెండు గాజుసీసాలలో సమముగా పోయించి, పిండి మట్టమువద్ద సీసాకు దారము కట్టించినది. ఒక సీసాను పాత దుప్పటిలో చుట్టి పొయ్యిప్రక్కనుంచిరి, రెండవదానిని కిటికీగట్టుపైనుంచిరి. తెల్లవారుసరికి మొదటిదానిలో పిండి దారమునకు నాలుగు వ్రేళ్ళ పైకి వచ్చి, పైభాగమున బుడగలు పగులుచుండెను. రెండవది దారము దాటలేదు. అప్పుడు పుస్తకము తెఱచిరి. మినపపప్పునంటి వచ్చు ల్యూకొనోస్టాక్ వంటి సూక్ష్మజీవులు చక్కెరలను ఆమ్లముగాను, బొగ్గుపులుసు వాయువుగాను మార్చుననియు, ఆ వాయువే పిండిని పొంగించుననియు, చలిలో వాని పని మందగించుననియు చదివిరి. ఉప్పు ముందు కలిపిన ఏమగును, తరువాత కలిపిన ఏమగునను ప్రశ్నతో మఱునాటికి మఱి రెండు సీసాలు సిద్ధమైనవి.

ఆ యింట తరతరములుగా పిండి పులియుచునేయున్నది. దానిని చూచిన మాత్రముననే సూక్ష్మజీవశాస్త్రము ఎవరికిని అబ్బలేదు. అబ్బించినది తల్లి అణచుకొన్న జవాబు, దారము, నోటుపుస్తకము, ఆ తరువాత తెఱచిన గ్రంథము. ఇంకొక మాట. రెండింటికొకటి, మూడింటికొకటి వంటి పాళ్ళు ఆ పిల్లకు కరతలామలకములు. పదమూడింట ఏడును తొమ్మిదింట నాలుగును కూడుమనినచో తెల్లముఖము వేసినది. అట్టి భిన్నము ఏ వంటకమునకును అవసరపడదు గదా! కరెంటుబిల్లులోని స్లాబులు, రైతుబజారులోని ధరలపట్టిక ఎంత లెక్క నేర్పినను, దీర్ఘభాగహారమును మాత్రము చాపవేసికొని కూర్చుండి దినమున కొక పుట చేసిననే వచ్చినది. ఒత్తులును అంతే, బజారుబోర్డులు చదివి సంయుక్తాక్షరములు నేర్చిన బిడ్డను నేను చూడలేదు.

గాంధీమహాత్ముని అనుభవముకంటె ఇందులకు మేటి ఉదాహరణము లేదు. 1910లో జోహాన్నెస్‌బర్గు సమీపమున తన మిత్రుడు కాలెన్‌బాక్ ఇచ్చిన భూమిలో టాల్‌స్టాయి క్షేత్రమును నెలకొల్పి, అచ్చటి పిల్లలకు తానే చదువు చెప్పినాడు. తోటపని, వడ్రంగము, చెప్పులుకుట్టుట అందఱికిని నేర్పిరి. ఉపాధ్యాయుడు తాను చేయని పనిని పిల్లలచే చేయింపరాదని నియమము. 1937లో వార్ధాలో జరిగిన విద్యాసమావేశము, జాకిర్ హుస్సేను సంఘము రూపొందించిన చేతివృత్తిమూలకమైన ప్రణాళిక ఈ ఆలోచనకు తరువాతి రూపములు. కాని పెద్దకుమారుడు హరిలాలు, తనకు క్రమమైన చదువు దక్కలేదను బాధతో తండ్రితో విభేదించి, 1911లో స్వదేశమునకు వచ్చివేసినాడు. కుమారుల అక్షరవిద్యలో లోటుండెనని తండ్రియును ఆత్మకథలో దాచక వ్రాసినాడు. గాంధీని ఉదాహరించు ఇంటి చదువు అభిమానులు చెప్పులు కుట్టిన కథను చెప్పుదురు. హరిలాలు కథను చెప్పరు.

స్నేహితులుండరు, నలుగురిలో మెలగనేరరు అను ఆక్షేపణ విషయమున ఎక్కువ చర్చ అనవసరము. ఒకే వయసు పిల్లలు నలుబదిమంది వరుసగా కూర్చుండుట మాత్రమే సంఘజీవనము గాదు. వడ్రంగితో, అమ్మమ్మతో, కిరాణాకొట్టు శెట్టిగారితో మాటలాడ నేర్చిన బిడ్డ నలుగురిలో మెలగగలడు. అయితే తల్లియు తండ్రియు చెఱియొక ల్యాప్‌టాప్ ముందు కూర్చుండి, బిడ్డను మూడవ తెఱ ముందు కూర్చుండబెట్టిన అపార్టుమెంటు సంసారమున ఆ ఆక్షేపణ అక్షరాలా నిజము.

పరీక్షల సంగతి చూతము. 2016లో ముంబయి బాలిక యొకతె, బడి విడిచి ఇంట చదివి, అంతర్జాతీయ ఇన్‌ఫర్మేటిక్స్ ఒలింపియాడ్‌లో పతకములు పొంది, అమెరికాలోని ఎం.ఐ.టి.లో ప్రవేశము సంపాదించినది. ఈ వార్తను చూపి, సర్టిఫికెట్లతో పనియేమియని వాదించువారు కలరు. ఆ వార్తలోనే రెండవ సగమున్నది: పన్నెండవ తరగతి ధ్రువపత్రము లేనందున ఆ బాలికకు మన ఐ.ఐ.టి.ల ద్వారము తెఱచుకొనలేదు. ఒలింపియాడ్ పతకము లేని తక్కిన పిల్లలకు ఎన్ని ద్వారములు మూతపడునో ఊహింపవచ్చును. ఇంట చదివిన బిడ్డకు పరీక్ష వ్రాయు దారియే లేదనుట కూడ అంతే అసత్యము. 1989లో నెలకొన్న జాతీయ సార్వత్రిక విద్యాలయము, అనగా ఎన్.ఐ.ఓ.ఎస్., ఎల్లరకును అందుబాటులోనున్నది. మన ఉభయరాష్ట్రములలోను ఓపెన్ స్కూలు సొసైటీలు కలవు. ఎన్.ఐ.ఓ.ఎస్. పదవ తరగతికి ఐదు విషయములు చాలును. ఒక్కసారిగా వ్రాయనక్కరలేదు, ఐదేండ్లలో తొమ్మిది అవకాశములు ఇత్తురు. తెలుగు మాధ్యమమును కలదు. గణితముతోపాటు గృహవిజ్ఞానము, చిత్రలేఖనము, డేటా ఎంట్రీవంటి వానిని ఎంచుకొనవచ్చును. ఓపెన్ టెన్త్ అనగానే చదువురానివారి పరీక్షయని చులకనగా చూచుట మనవారికి అలవాటైనది. ఆ చులకనకు ఆధారము లేదు.

చేతిపనుల చదువును బాలకార్మికతతో కలిపి చూచువారును, ఆ రెంటికిని భేదమే పాటింపనివారును కలరు. 2016లో సవరించిన బాలకార్మిక చట్టము, బడివేళల తరువాతను సెలవులలోను మాత్రమే బిడ్డ సొంత కుటుంబపు పనిలో చేయూతనిచ్చుటకు ఒప్పుకొన్నది. కూతురిని బడి మాన్పించి చెల్లెలిని ఎత్తుకొనుమని ఇంట కూర్చుండబెట్టి, దానికి ఇంటి చదువని పేరు పెట్టుట పచ్చి మోసము. అసలైన ఇంటి చదువునకు తలిదండ్రులలో ఒకరు తమ పగటికాలమును ధారపోయవలెను; మన సంసారములలో ఆ ఒకరు సాధారణముగా తల్లియే, ఆమె విడిచిన ఉద్యోగపు జీతము ఎవరి లెక్కలలోనికిని రాదు. బడిఫీజు మిగిలినదని సంబరపడు భర్తలు ఈ లెక్కను కూడ వేయవలెను. చేతిపని విలువను బడియే గుర్తించు కాలమును వచ్చినది: 2020నాటి జాతీయ విద్యావిధానము 6 నుండి 8 తరగతులలో పది దినములు పుస్తకసంచి లేకుండ వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, చిత్రకారులవద్ద పిల్లలు పని నేర్చుకొనవలెనని సూచించినది. పది దినములు తక్కువయే; లేకుండుటకంటె మేలు.

ఈ మార్గమును ఎంచుకొనదలచిన తలిదండ్రులకు ఒక మనవి. బడినుండి బిడ్డను తప్పించునపుడు టి.సి.ని, జననధ్రువపత్రమును భద్రపఱచుకొనుడు. ఎన్.ఐ.ఓ.ఎస్. పదవ తరగతిలో చేరుటకు 14 ఏండ్లు నిండియుండవలెను. పదవ తరగతి నెగ్గినగాని పన్నెండవ తరగతికి పోరాదు. మధ్యలో ఎప్పుడైనను బిడ్డయే "నేను బడికి పోతాను" అన్నచో, ఇంతకాలము పంపలేదే, ఎవరు చేర్చుకొందురని వెనుకాడవలదు. ఎన్నడును బడి ముఖము చూడని బిడ్డనైనను వయసునకు తగిన తరగతిలో చేర్చుకొనవలెనని విద్యాహక్కు చట్టము 4వ సెక్షను చెప్పుచున్నది.