నొప్పి పుట్టని పుండు

బోధన్‌లో షుగర్ అంటే చాలాకాలం ఫ్యాక్టరీ అనే అర్థం. 1930ల చివర్లో శక్కర్‌నగర్‌లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీకి ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2015 డిసెంబరులో అది మూతపడింది. ఇప్పుడు అదే వీధుల్లో షుగర్ అంటే జబ్బు. వైద్య సహాయం కోరుతూ మాకు వచ్చే దరఖాస్తుల్లో కాలి పుండు, వేలు తీసివేత, మోకాలి కింద కాలు తీసివేత అనే మాటలు కనిపిస్తూనే ఉన్నాయి. దాతలు ఇచ్చిన సొమ్ములోంచి మేము ఆపరేషన్ ఖర్చుకు, ఊతకర్రలకు సాయం చేస్తున్నాం. కానీ ఆ కాగితం మా చేతికి వచ్చేసరికి చేయాల్సిన పని చేసే సమయం దాటిపోయి ఉంటోంది.

షుగర్ ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే పాదాల్లోని నరాలు మొద్దుబారతాయి. మొదట తిమ్మిర్లు, మంటలు. తర్వాత ఏమీ తెలియదు. ఇంకోపక్క కాలికి రక్తం తీసుకెళ్లే నాళాలు సన్నబడతాయి. బీడీ, సిగరెట్ తాగేవారిలో ఇది మరీ ఎక్కువ. దెబ్బ తగిలినా తెలియదు, తగిలిన దెబ్బ మానదు. షుగర్ వల్ల కాళ్లు తీసేయాల్సి వచ్చిన వారిలో నూటికి 80 మందికి పైగా ఒక మామూలు పుండుతోనే మొదలైనవారు. అంటే పుండు దగ్గరే ఆపగలిగితే చాలావరకు కాలు దక్కుతుంది.

మరి ఎందుకు ఆపలేకపోతున్నాం? మేము చూసిన ఒక తల్లి సంగతి చెబుతాం. బోధన్‌లో బీడీలు చుట్టే మనిషి, యాభై దాటిన వయసు. చెప్పులో చిన్న మొల దిగింది. మూడు రోజులు ఆ చెప్పుతోనే తిరిగింది. చాప మీద రక్తపు మరక మనవడు చూస్తేగానీ ఇంట్లో తెలియలేదు. పసుపు పెట్టారు. గల్లీలో ఉన్న ఆర్‌ఎంపీ రెండు వారాలు కట్టు కట్టాడు. వేలు నల్లబడ్డాక నిజామాబాద్ తీసుకెళ్లారు.

అజ్ఞానం అనేస్తే మనకు తేలిక. ఆమె లెక్క వేరు. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. చాట ఒళ్లోంచి దించిన రోజు కూలి లేదు. నిజామాబాద్ దాదాపు 25 కిలోమీటర్లు. బస్సు చార్జీ ఇద్దరికి, ఎందుకంటే ఒక్కతే వెళ్లదు. కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు. కోడలికి చంటిపిల్ల. నొప్పి ఉంటే ఇవన్నీ పక్కన పెట్టి పరుగెత్తేవారు. నొప్పే లేదు కదా, రేపు చూద్దామన్నారు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో షుగర్ మాత్రలు ఉచితంగానే దొరుకుతాయి. మాత్రలు అందుతున్నా పాదం ఎవరూ చూడటం లేదు. అందులోనూ ఆడవాళ్లు పరాయి మగడాక్టర్ ముందు కాలు చాపడానికి జంకుతారు.

చెరకు, పసుపు చేలల్లో కూలికి పోయేవారిది ఇంకో కష్టం. నరికిన చెరకు మోళ్లు అరికాల్లో దిగుతాయి. పుండు మానాలంటే కొన్ని వారాలు కాలు కింద మోపవద్దని డాక్టర్ చెబుతాడు. మంచి సలహానే. రోజుకూలీ ఇంట్లో ఆ వారాలు పొయ్యి ఎవరు వెలిగిస్తారో ఆయన చీటీలో ఉండదు.

ఈ విషయంలో మన జిల్లాకు పాత అనుబంధం ఒకటుంది. హైదరాబాద్ దారిలోని డిచ్‌పల్లిలో 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్ఠు రోగుల కోసం విక్టోరియా ఆసుపత్రి తెరిచారు. దానికి విరాళమిచ్చింది రాజా నర్సాగౌడ్. అప్పుడూ దాత ఒకరు ముందుకొస్తేనే పని జరిగింది. కుష్ఠులో వేళ్లు వాటంతట అవే రాలిపోతాయని జనం నమ్మేవారు. వెల్లూరులో పనిచేసిన సర్జన్ పాల్ బ్రాండ్ అది తప్పని చూపించారు: నొప్పి తెలియని కాలికి పదేపదే దెబ్బలు తగలడమే కారణం. 1966లో అమెరికా వెళ్లాక అదే పాఠాన్ని షుగర్ రోగుల పాదాలకూ వర్తింపజేశారు. కుష్ఠు రోగుల కోసం వాడుకలోకి వచ్చిన మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులే ఇప్పుడు షుగర్ ఉన్నవారికీ ఇస్తున్నారు. కొందరు వాటిని వేసుకోవడానికి సిగ్గుపడుతున్నారు. "కుష్ఠు చెప్పులు" అంటారేమోనని భయం.

మన అలవాట్లలోనే ఒక మేలు ఉంది. రోజుకు ఐదుసార్లు వుజూలో కాళ్లు కడుగుతాం, వేళ్ల సందుల్లో వేలు పోనిచ్చి శుభ్రం చేస్తాం. ఆ తడి తుడిచి, ఒక్కసారి అరికాలు తిప్పి చూసుకుంటే పరీక్ష అయిపోయినట్టే. కిందికి వంగలేని పెద్దలకు చిన్న అద్దం చాలు. జొహర్ వేళకు ఎండాకాలంలో మస్జిద్ ముందరి బండలు కాలిపోతుంటాయి. చెప్పులు విప్పే చోటు నుంచి లోపలిదాకా చాప పరిస్తే ఎన్నో పాదాలు బొబ్బలు లేకుండా ఉంటాయి. ఉమ్రాకు వెళ్లేవారు కూడా వేడి పాలరాతి మీద వట్టి కాళ్లతో తిరిగి పుండ్లతో వస్తున్నారు. స్పర్శ తగ్గినవారు బయలుదేరే ముందే డాక్టర్‌కు పాదాలు చూపించుకోవాలి.

అందుకే ఈసారి దాతలను మేము కోరేది వేరు. ఆపరేషన్ బిల్లుకు ఇచ్చేది ఆపమనడం లేదు. అందులో కొంత భాగం ముందు ఖర్చులకు కేటాయించనివ్వండి: మెత్తటి చెప్పులు, ఇద్దరికి బస్సు చార్జీ, కాలు కింద మోపకూడని వారాల్లో ఇంటికి బియ్యం, నూనె. మహిళల పాదాలు చూడటానికి మహిళా డాక్టర్ గానీ నర్సు గానీ వచ్చే శిబిరం. నైలాన్ తీగతో పాదం మీద పలుచోట్ల తాకి స్పర్శ ఉందో లేదో చూసే పరీక్షకు కొద్ది నిమిషాలే పడుతుంది. ఫొటోలో చూపించడానికి ఇందులో పెద్దగా ఏమీ ఉండదు, నిజమే. నిలిచిన కాలికి ఎవరూ సన్మానం చేయరు.

ఆ తల్లికి ఒక వేలు పోయింది, కాలు దక్కింది. మొన్న చెప్పుల జత ఇచ్చి, ఇంట్లో కూడా వేసుకోవాలమ్మా అన్నాం. చెప్పులను చాలాసేపు చూసింది. "ఇంట్ల చెప్పులేసుకొని తిరిగితే కోడలు ఏమనుకుంటది?" అంది. కోడలితో మేము మాట్లాడాం.