తండ్రి గిటారు, కొడుకు మెట్లు

2025 డిసెంబరు మాసమున ఢిల్లీ యెఱ్ఱకోటలో యునెస్కో సంఘమువారు సమావేశమై మన దీపావళిని మానవజాతి వారసత్వసంపదలలో చేర్చిన సంగతి సోదరీమణు లెఱిగినదే. ఆ సభయందే పశ్చిమాఫ్రికాలోని ఘానా దేశపు హైలైఫ్ గాననృత్యములకు గూడ అట్టి గౌరవము లభించినది. మన దీపముల సందడిలో దానిని తలచినవా రరుదు. కావున ఆ పాటను గూర్చియు, దానిని కలిసి వాయించిన యొక తండ్రీకొడుకులను గూర్చియు నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

హైలైఫ్ అనగా గొప్పవారి బ్రతుకు. 1920 ప్రాంతముల, ఆంగ్లేయుల యేలుబడిలోని గోల్డుకోస్టు రేవుపట్టణములలో సంపన్నులు రుసుము చెల్లించి క్లబ్బులలో నాట్యమాడుచుండగా, లోనికి పోజాలని బీదలు వెలుపల నిలిచి విని పెట్టిన పేరట యిది! అయినను ఈ పాట కల్లుపాకలలో, ఓడకళాసుల గిటార్లపై గూడ పెరిగినది. బొటనవ్రేలు, చూపుడువ్రేలు రెంటితోనే తీగలు మీటుట అచ్చటి పద్ధతి. 1928లో కుమాసీ త్రయమువారు లండనులో "యా అంపన్సా" యను పాటను రికార్డు చేసిరి. గురువారము పుట్టిన యాడుబిడ్డను ఆ దేశమున "యా" యని పిలుతురు.

ఎబో టేలరు 1936లో కేప్‌కోస్టున జన్మించెను. ఆరవ యేట పియానో మెట్లపై చేయి వేసి, కళాశాలలో దానిని విడిచి గిటారు పట్టెను. 1962లో లండనునకు పోయి సంగీతము చదివెను. స్వదేశమున చిరకాలము ఇతరుల పాటలకు వాద్యములు కూర్చిన ఈతనిని పరదేశములు గుర్తించునాటికి, అనగా 2010 నాటికి, డెబ్బదినాలుగేండ్లు నిండినవి. ఆలస్యమే! 2012లో వెలువడిన రికార్డునకు సాల్టుపాండు పట్టణమున ప్రేమికులు కలిసికొను చిన్న వంతెన పేరు పెట్టెను. అందు కడపటి పాట, అంతకు ముందేడు గతించిన తన మొదటి భార్యను తలచి పాడినది. ఆ సంపుటమంతటిలో మాకు మిక్కిలి ప్రియమైన దదియే.

కుమారుడు హెన్రీ టేలరు తండ్రి విడిచిన మెట్లనే పట్టెను. సాల్టుపాండు వాద్యబృందమున ఆతడు కీబోర్డు వాయింపగా, 2018లో "యెన్ అరా" యను రికార్డు వెలువడినది. "మేమే" యని దాని యర్థము. గాయకుని వెనుక కొడుకు కూర్చుండి శ్రుతి నందించుట మన సంగీతపుటిండ్లలోను కలదు. తండ్రి ఊపిరి యెచ్చట నాగునో, ఏ చరణము మరల నెత్తుకొనునో వానికి వేరుగ చెప్పవలసిన పని యుండదు.

ఆ యేడే వృద్ధునకు పక్షవాతము సోకినది. ఏబది యేండ్లకు పైగా మీటిన గిటారు చేజారినది. పాట మాత్రము మానలేదు. వేదికపై తండ్రి పాడుచుండగా, ఆ తీగలు పలుకవలసిన చోటులను కొడుకును తక్కిన వాద్యగాండ్రును నింపుచు వచ్చిరి. ఎనుబదితొమ్మిదవ యేట, 2025లో గూడ, ఆతని క్రొత్త రికార్డొకటి వెలువడినది.