బాణవిషము - మూర్ఛచికిత్స

తీవ్రమైన విషాదంలో మునిగి అన్నపానాలు మానిన రోగికి, ఆత్మహత్యకు తలపడే రోగికి, మందులు పనిచేయనప్పుడు వైద్యులు విద్యుచ్చికిత్సను ఆశ్రయిస్తారు. ఆ పేరు వినగానే మన కళ్లకు కట్టేది సినిమాలు చూపిన దృశ్యమే: నలుగురు అదిమిపట్టగా మంచంమీద గిలగిల కొట్టుకొనే మనిషి. అది పూర్తిగా కల్పన కాదు. 1938లో రోము నగరంలో చెర్లెట్టి, బీని అనే వైద్యులు ఈ చికిత్సకు నాంది పలికినప్పుడు రోగికి మత్తు లేదు, కండరాలను సడలించే మందూ లేదు. మూర్ఛలో తన కండరాల బిగువుకే రోగి వెన్నుపూసలు చిట్లిన సందర్భాలు అనేకం. మనసు కుదుటపడటానికి ఎముకను పణంగా పెట్టడం ఎంత క్రూరమైన బేరం!

నిజానికి చికిత్సకు కావలసినది మెదడులోని మూర్ఛయే. కాలుసేతుల విదిలింపుతో దానికి పనిలేదు. ఈ రెండింటినీ విడదీసే సాధనం విచిత్రమైన చోట దొరికినది. దక్షిణ అమెరికా అరణ్యవాసులు బాణాల మొనలకు పూసే విషం క్యురారే. నరం పంపిన ఆజ్ఞ కండరానికి అందే సంధిలోనే అది అడ్డుపడుతుందని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లోడ్ బెర్నార్ 19వ శతాబ్దంలో నిరూపించినాడు. ఊపిరి తీయించే కండరాలు సైతం పడిపోవడంచేతనే మరణం. అంతకుముందే, 1814లో, లండనులో చార్లెస్ వాటర్టన్ మున్నగువారు ఈ విషమెక్కిన ఒక గాడిదకు తిత్తితో గాలి ఊది, విషం దిగేవరకు ప్రాణం నిలిపినారు. ఆ గాడిద పిమ్మట ఎన్నో ఏళ్లు సుఖంగా బ్రతికినది!

1940లో అమెరికా వైద్యుడు బెన్నెట్ ఈ విషాన్నే మితంగా వాడి మూర్ఛచికిత్సలో ఎముకలను కాపాడినాడు. 1950ల ఆరంభంలో స్వీడను వైద్యులు సక్సినైల్‌కోలిన్‌ను ప్రవేశపెట్టినారు. అది నిమిషంలోపల పనిచేస్తుంది. రక్తంలోని ఒక ఎంజైము కొద్ది నిమిషాలలో దానిని విరిచివేస్తుంది. పుట్టుకతో ఆ ఎంజైము లోపించినవారికి మాత్రం చాలాసేపు ఊపిరి అందిస్తూ ఉండవలసినదే.

ఈ మందు స్పృహను హరించదు. మత్తు లేక దీనినే ఇస్తే రోగి మెలకువగానే ఉండి, ఊపిరాడక, కేకవేయడానికి నాలుకైనా కదలక నరకం అనుభవిస్తాడు. కనుక ముందు నిద్ర, పిదప సడలింపు, ఊపిరికి ప్రాణవాయువు, ఆ తరువాతనే విద్యుత్తు. దేహం నిశ్చలమైతే మూర్ఛ వచ్చినదని తెలిసేదెట్లు? మెదడు తరంగాలను గీసే యంత్రం ఉన్నది. మరొక ఉపాయం ఇంకా సరళం: సడలింపు మందుకు ముందే ఒక చీలమండకు రక్తపుపోటు చూసే పట్టీ బిగిస్తారు. మందు ఆ పాదానికి చేరదు. ఒళ్లంతా కదలక ఉండగా ఆ పాదమొక్కటే అదురుతుంది.

మన దేశంలో మత్తువైద్యులు కరవైన చోట్ల ఇవేవీ లేకుండానే ఈ చికిత్స చాలాకాలం సాగినది. ప్రాణం మీదికి వచ్చినప్పుడైనా అట్లు చేయనివ్వండని కొందరు వైద్యులు వాదించినారు. ఆ వాదం తీసిపారవేయదగినది కాదు. అయితే మత్తువైద్యుని నియమించలేని లోపాన్ని రోగి వెన్నెముక ఎందుకు మోయవలె? 2017నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షను, మత్తూ సడలింపు మందూ లేని విద్యుచ్చికిత్సను నిషేధించినది. 2018 మే 29 నుండి ఆ చట్టం అమలులో ఉన్నది.