మీకు తెలుసా? ముడతే జాడ చెబుతుంది!

ఆప్టిమిస్ట్ పడవ తెరచాపలో ముడత ఏ మూల నుంచి ఏ మూలకు పడిందో చూస్తే లోపం ఎక్కడుందో చెప్పేయొచ్చు. చాప పై మూలను ఎత్తిపట్టే ఏటవాలు కర్రను స్ప్రిట్ అంటారు. ముడత తెరచాప స్తంభం కొస నుంచి వెనక కింది మూలకు సాగిందా, స్ప్రిట్‌ను బిగించే తాడు వదులైనట్టే, బిగించాలి. చాప పై మూల నుంచి స్తంభం అడుగుకు దిగితే మరీ బిగిసిందని అర్థం, కాస్త వదలాలి. కొత్తవాళ్లు ముందు గాలిని తిట్టుకుంటారు, అది వేరే సంగతి! 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ పిల్లల కోసం రూపొందించిన ఈ పడవ పొడవు 7 అడుగుల 9 అంగుళాలే. స్తంభాన్ని పట్టి ఉంచే తీగలు అసలే ఉండవు. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లోనూ పిల్లలు దీని మీద సెయిలింగ్ నేర్చుకుంటారు.