నల్ల తామరపురుగు – ఇంగ్లీషు వ్యాసము

నల్లపాడు ప్రాంతమున మిరప వేయు రైతునకు తామరపురుగు కొత్తది కాదు. ఆకు పైకి ముడుచుకొనిన దానికి తామరపురుగు కారణమనియు, క్రిందికి ముడుచుకొనిన నల్లి కారణమనియు అతడెరుగును. కాని 2021 లో గుంటూరు జిల్లా చేలలో విజృంభించిన పురుగు వేరు. అది పూవులలో గుంపులుగా చేరెను, పూత రాలిపోయెను. దాని రంగునుబట్టి రైతులు నల్ల తామరపురుగు అనిరి.

ఈ పురుగునకు శాస్త్రీయ నామము అంతకు చాలకాలము పూర్వమే కలదు. కార్నీ అను ఆస్ట్రియా దేశపు కీటకశాస్త్రజ్ఞుడు 1922 లో సయాం (నేటి థాయిలాండ్) పురుగులను వర్ణించుచు దీనిని పేర్కొనెను. నేడు దీని పేరు త్రిప్స్ పార్విస్పైనస్. జర్మను మాట్లాడు దేశమువాడైనను ఆ వ్యాసమును సయాం సొసైటీ పత్రికలో ఇంగ్లీషున ప్రకటించెను. 2015 లో భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థవారు ఈ పురుగు మనదేశమున ప్రవేశించినదని, బెంగుళూరులో బొప్పాయిపై దొరికిన నమూనాలనుబట్టి తేల్చిరి. దేహలక్షణములను చూచుటయే గాక డి.ఎన్.ఎ. పరీక్షయు జరిపి, 'జర్నల్ ఆఫ్ ఇన్సెక్ట్ సైన్స్' అను అమెరికా పత్రికలో ప్రకటించిరి.

ఇంగ్లీషున వ్రాయుటవలన కలిగిన మేలు చిన్నది కాదు. ఇండోనేసియాలో మిరపను పాడుచేయు పురుగును, బెంగుళూరు పురుగును ఒక్కటేనని పోల్చిచూడవచ్చును. ఒక దేశమువారు థాయి భాషలోను, మరొకరు కన్నడములోను వ్రాసుకొనియున్నచో ఈ పోలిక ఎవరికి తోచును?

అట్లని ఈ పెద్దరికము ఇంగ్లీషునకు పుట్టుకతో వచ్చినది కాదు. జీవకణములకు శక్తినిచ్చు ఎ.టి.పి. అను పదార్థమును 1929 లో ఇద్దరు వేర్వేరుగా వెల్లడించిరి. యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కేతో కలిసి, అమెరికాలో ఇంగ్లీషున వ్రాసెను. లోమాన్ జర్మనీలో జర్మను భాషన వ్రాసెను. ఆనాడు జర్మను రాని రసాయనశాస్త్రజ్ఞుడు సగము గ్రుడ్డివాడే. 1933 తరువాత అనేక శాస్త్రజ్ఞులు జర్మనీని విడిచిరి; రెండవ ప్రపంచయుద్ధానంతరము పరిశోధనకు అమెరికా విరివిగా ధనము వెచ్చించెను. త్రాసు ఇంగ్లీషువైపు మొగ్గెను.

చిక్కంతయు చివరి మజిలీలో నున్నది. వ్యాసము బెంగుళూరు పురుగును గూర్చియే. చదువవలసిన భాష మాత్రము గుంటూరు రైతుది కాదు. అతనికి దుబాసీ పురుగుమందుల దుకాణదారుడే. పాత పురుగు, కొత్త పురుగు రెండును 'తామరపురుగే' అయినప్పుడు, తెలిసిన మందునే మోతాదు పెంచి కొట్టుట సహజము. కాని ఈ పురుగు పూవు లోపల దాగును. కోశస్థ దశను నేలలో గడుపును. ఆకులమీద చల్లిన మందు ఈ రెండు తావులకును సరిగా అందదు. మందు ఎక్కువైనకొలది పురుగును తిను మిత్రకీటకములే ముందు నశించును. నీలిరంగు జిగురు అట్టలను కట్టవలెననియు, వేపనూనె వాడవలెననియు చెప్పు సలహాలకు ఆధారము ఈ జీవితచరిత్రయే.

మిరపపై దాని దాడిని వివరించు వ్యాసము 2021 లోనే 'ఇన్సెక్ట్ ఎన్విరాన్‌మెంట్' అను భారతీయ పత్రికలో వెలువడినది. అదియు ఇంగ్లీషే. ఆ పురుగును మన శాస్త్రజ్ఞులు ఇంగ్లీషు వ్రాతలలో ఇప్పుడు 'బ్లాక్ త్రిప్స్' అని కూడ పిలుచుచున్నారు. నల్లపాడు రైతు దానిని 'నల్ల తామర' అనును.